నానమ్మ పాటలో ఎవరి గొంతు

పాట అయిపోయింది. టీవీ తెర నీలంగా మిగిలింది. నానమ్మ మంచం మీద, రెండు కాళ్లూ దిండు మీదికి ఎత్తి పెట్టుకుని పడుకుని ఉంది. నేను ఆమె ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను.

"బాగుందే. ఎవురు పాడినారు?" అంది.

నన్ను ఆట పట్టిస్తోందనుకున్నాను. "నానే నానమ్మా" అన్నాను.

"నువ్వా?" అని తల కొంచెం పైకెత్తింది. "మళ్లీ ఎట్టు."

మళ్లీ పెట్టాను. ఈసారి కళ్లు మూసుకుని విన్నది. 'పేరు' అనే మాట వచ్చినప్పుడల్లా ఆమె నుదురు ముడతలు పడింది. పాట అయ్యాక కళ్లు తెరిచింది. తరవాత నెమ్మదిగా, "కాదు గుంటా. నీ గొంతు నాకు తెల్దేటి? ఇది ఎవురో టౌను పిల్ల. నువ్వు కాదు" అంది.

మా నానమ్మ పేరు దోర్కాస్. ముప్పై ఏళ్లు మా చర్చిలో కాళ్లతో తొక్కే హార్మోనియం వాయించింది. టెక్కలిలో ఉండే దొరసాని ఒకావిడ ఊరు విడిచి వెళ్లిపోతూ ఇచ్చిన హార్మోనియం అది. రెండేళ్ల కిందట నానమ్మ కాళ్లకు నీరు పట్టడం మొదలైంది. మా ఉద్దానంలో కాళ్లకు నీరు పట్టిందంటే కిడ్నీలే, తక్కిన సంగతి ఎవరూ అడగరు. పదిహేను రోజులకోసారి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొస్తున్నారు. చర్చికీ మా ఇంటికీ మధ్య ఉన్నవి నాలుగు కొబ్బరి తోటలే. ఆ నాలుగు తోటలూ ఆమె దాటలేదు. హార్మోనియం ఇప్పుడు ఏలీయా తాత వాయిస్తున్నాడు.

ఆ పాట నానమ్మ వయసులో ఉన్నప్పుడు తనే కట్టింది. "వల ఎత్తకముందే నా పేరు పిలిచావు" అని మొదలవుతుంది. 'పేరు' దగ్గర పాట ఒక గుక్క సేపు నిలబడుతుంది. అక్కడ గొంతును ఎలా నిలపాలో నానమ్మే నాకు నేర్పింది. అమ్మ టెక్కలి నుంచి కోడలుగా వచ్చిన కొత్తలో చర్చిలో సరిగ్గా ఆ మాట దగ్గర గొంతు పైకి ఎక్కించేసేదట. "నా కోడలికి అన్నీ ఇచ్చినాడు దేవుడు, సెవులే ఇవ్వలేదు" అని నానమ్మ ఇప్పటికీ అంటుంది. అందుకని అమ్మ చర్చిలో పెదవులు మాత్రమే కదుపుతుంది.

2007 డిసెంబరులో మా చర్చికి నూరేళ్లు నిండుతున్నాయని పెద్దలు పది పాటలతో సీడీ చేయించాలనుకున్నారు. నానమ్మ పాట కూడా అడిగారు. "మా ఫ్లోరి పాడితేనే ఇత్తాను" అని ఆమె పట్టు పట్టింది. ఫ్లోరి అంటే నేను, ఫ్లోరెన్స్. అప్పుడు పదో తరగతి చదువుతున్నాను. బళ్లో హాజరు పిలిచినప్పుడు నేను పలికింది వినపడక మా సారు రెండోసారి పిలిచేవారు. అలాంటిదాన్ని మైకు ముందు ఎలా నిలబడతానని ఏడ్చాను. నానమ్మ ఒకటే మాట అంది. "నాను గుడికి రాలేను కదే. పాటే నా కాడికి రావాల. నీ గొంతుతో వత్తే గుడికెల్లినట్టే ఉంటాది నాకు."

అందుకే ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆ పాట ఇంటికి వచ్చింది. నా గొంతుతో మాత్రం రాలేదంటోంది.

ఆ రాత్రి డైరీలో ఒక్క వాక్యమే రాశాను: 'అయితే పాడింది ఎవరు?'

రికార్డింగ్ చేసింది ఇమ్మానుయేలు మావ. అమ్మకు తమ్ముడు. టెక్కలిలో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక కాశీబుగ్గలో ఇల్లు కట్టుకుని, మేడ మీద గదిలో రికార్డింగ్ మొదలెట్టాడు. జీడి ఫ్యాక్టరీల పాత గోనె సంచుల్లో కొబ్బరి పీచు కుక్కి ఆ గది గోడల నిండా మేకులు కొట్టాడు. తలుపు వేస్తే బయట లారీ హారన్ కొట్టినా లోపలికి రాదు, లోపల అరిచినా బయటికి పోదు. కంప్యూటర్ తెర మాత్రమే గదిలో ఉంటుంది. దాని డబ్బాలో ఫ్యాను మోత మైకులోకి వస్తుందని, దాన్ని వరండాలో బల్ల కింద పెట్టి గోడకి కన్నం చేసి తీగలు లాగాడు. మైకు ముందు ఎంబ్రాయిడరీ రింగుకి పల్చని గుడ్డ బిగించి ఉంటుంది. 'ప' అన్నప్పుడు ఊపిరి పోయి మైకును కొట్టకుండా అట. వీధిలో ఫ్యాక్టరీలు ఆగి ఉండే ఆదివారం మధ్యాహ్నాలే మాకు రమ్మని చెప్పేవాడు.

అక్కడ నాకు అన్నిటికన్నా వింతగా తోచింది, వాద్యాలు ఒక్కటీ లేకపోవడం. వీణ, వేణువు, తబలా, ఇరవై మంది కలిసి వాయించే వయొలిన్లు, అన్నీ కంప్యూటర్‌లోనే. మావ చిన్న కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కితే వీణ మోగేది. తెర మీద ఏదో మార్చి అదే మెట్టు నొక్కితే వేణువు.

"ఇందులో వీణ ఎవురు వాయించినారు మావా?" అని అడిగాను.

"ఎవురో, ఎక్కడో. ఒకో మెట్టూ విడివిడిగా వాయించి ఎట్టీసినారు. మనం నొక్కినపుడు పలుకుద్ది."

"ఆ మనిషికి తెలుసేటి, మన పాటలో వాయిత్తన్నట్టు?"

మావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మనిషి లేకుండా మనిషి చేసిన చప్పుడు వినడం ఏదోలా అనిపించింది. వీణ దాచినట్టు గొంతులు కూడా అందులో దాచి పెట్టుకోవచ్చు కదా అని అప్పుడే అనుమానం వచ్చింది. అడగడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

పాడటం మొదలెట్టాక కష్టం 'పేరు' దగ్గరే వచ్చింది.

"అక్కడ దిగిపోతన్నావే" అన్నాడు మావ, హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి తీసి. "మిగతాదంతా బంగారంలా ఉంది. ఆ ఒక్క సోట కిందికి జారిపోతన్నావు. మళ్లీ."

మళ్లీ పాడాను. మళ్లీ అదే మాట అన్నాడు. ఒకసారి కరెంటు పోయి యూపీఎస్ కుయ్యిమని కూసింది, అది పాడైంది. ఒకసారి నాకే దగ్గు వచ్చింది. ఫ్యాను వేస్తే చప్పుడు, కిటికీ తీస్తే చప్పుడు. చెమటకి జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. నేను పాడిన ప్రతిసారికీ తెర మీద ఫ్లో 1, ఫ్లో 2 అని ఒకదాని కింద ఒకటి గీతలు పేరుకుంటున్నాయి. ఫ్లో 19 దగ్గర మావ పెద్దగా నిట్టూర్చాడు.

"సాల్లే. నాను సూసుకుంటాను. కిందికెల్లి అన్నం తిను."

నేను కిందికి దిగుతుంటే ఇవాంజెలిన్‌ని పైకి పిలిచాడు.

ఇవాంజెలిన్ ఏలీయా తాత మనవరాలు. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉంటుంది. ఇద్దరం ఒకే పలక మీద రాసుకున్నవాళ్లం. నాకన్నా ఒక ఏడు పెద్దది, పలాసలో ఇంటర్ చదువుతోంది. పెళ్లిళ్లలో మైకు లాక్కుని మరీ పాడుతుంది. ఆ రోజు కోరస్ పాడటానికి మిగతా ఆడపిల్లలతో వచ్చింది. పైకి వెళ్లింది ఒక్కతే. మెట్ల మీద నుంచి చూస్తే తలుపు పైన ఎర్ర బల్బు వెలిగి ఉంది. అంటే లోపల రికార్డింగ్ జరుగుతోంది. గంట తరవాత ముఖం తుడుచుకుంటూ దిగింది.

"ఏటి పాడినావు?" అని అడిగాను.

"ఏదో మీ మావ పాడమన్నాడు, పాడీసినాను" అని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ నవ్వుకి అప్పుడు అర్థం తెలియలేదు. నానమ్మ ఆ మాట అన్నాక మాత్రం ఆ నవ్వే పదే పదే కనపడటం మొదలైంది.

మర్నాడు నానమ్మను శ్రీకాకుళం తీసుకెళ్లారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు సీడీ పెట్టి టీవీ దగ్గర చెవి ఆనించి విన్నాను. గొంతు నాలాగే ఉంది. కానీ నేను 'వల ఎత్తకముందే' అన్నాక ఊపిరి తీసుకుంటాను. గట్టిగా తీసుకుంటాను, నానమ్మ దానికి తిట్టేది కూడా. సీడీలో ఆ అమ్మాయి ఊపిరే తీసుకోలేదు. 'పేరు' దగ్గర గీత గీసినట్టు తిన్నగా నిలబడింది. నేను పంతొమ్మిదిసార్లు పాడి రాబట్టలేనిది ఆ అమ్మాయి చులాగ్గా పాడేసింది. 'నాను సూసుకుంటాను' అన్న మావ మాటకి అర్థం ఇదా?

మావను అడగొచ్చు. అడిగితే ఏమంటాడు? 'నీకు రాలేదు కాబట్టి దాని చేత పాడించినాను' అంటే ఆ మాట నానమ్మకి ఎలా చెప్పాలి? అడక్కుండా ఉంటే కనీసం ఆ మాట పుట్టదు. అడగలేదు.

ఆదివారం చర్చిలో అందరూ నన్నే చూశారు. అన్నీ తయారుచేసే ముందు విని చూడమని మావ ఇచ్చిన పరీక్ష సీడీ అప్పటికే నాలుగైదు ఇళ్లకి చేరింది. "ఓలమ్మో, ఏటి పాడినావే ఫ్లోరీ! ఇన్నాళ్లూ ఎక్కడ దాసినావే ఆ గొంతు?" అని ఒకావిడ బుగ్గలు పుణికింది. నా వెనక ఇవాంజెలిన్ నిలబడి ఉంది. ఏమీ అనకుండా చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది. పొగుడుతున్నది తనని కదా, మరి ఎందుకు ఊరుకుంటోంది? మావ ఒట్టు వేయించుకున్నాడేమో. లేకపోతే నా మీద జాలేమో. జాలి అనుకునేసరికి నాకు ఒళ్లు మండింది. ఆ రోజు నుంచి దానితో మాట్లాడటం మానేశాను. అది కూడా ఎందుకని అడగలేదు. తప్పు చేసినవాళ్లే అడగరు అనుకున్నాను.

ఆ వారమే నేను ఒక పని చేశాను. నా రాత బాగుంటుందని సీడీ అట్ట మీద వేసే పేర్లు రాసివ్వమని పాస్టరుగారు చెప్పారు. కోరస్ పన్నెండు మంది. నేను పదకొండు పేర్లు రాశాను. ఇవాంజెలిన్ పేరు రాయలేదు. నా పేరు మీద నా పాటే పాడేసింది కదా, ఇంకా దాని పేరెందుకు అనుకున్నాను. కాగితం మడిచి కవర్లో పెట్టి అతికించి ఇచ్చేశాను. పాస్టరుగారు విప్పకుండానే కాశీబుగ్గ డీటీపీ షాపుకి పంపారు.

నవంబరు చివర్లో బుధవారం సాయంత్రం చర్చిలో ప్రాక్టీసు. పండగనాడు సీడీతో కలిపి అందరం పాడాలని, ఏలీయా తాత హార్మోనియం కూడా దానితో కలపాలని చెప్పారు. సీడీ పెట్టారు. తాత తొక్కుతూ వాయించాడు. మొదట బాగానే కలిసింది. 'పేరు' దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకదాన్నొకటి గీరుకున్నట్టు వినపడింది. తాత వాయించడం ఆపేశాడు.

"మిషన్లో తేడా ఉంది" అన్నాడు.

మళ్లీ పెట్టారు. మళ్లీ అక్కడే గీరుకుంది. తాత ఒక్కొక్క మెట్టే నొక్కి సీడీతో పోల్చుకున్నాడు. అన్నీ కలిశాయి, 'పేరు' నిలబడే మెట్టు ఒక్కటి తప్ప.

"సూసినారా? కంపూటరు పాట ఇలాగే ఉంటాది" అని చేతులు దులుపుకున్నాడు. "నలభై ఏళ్లు నాను పాడిన పాట నాకు తెల్దేటి?"

నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇంతకన్నా మంచి సమయం దొరకదు. లేచి నిలబడ్డాను.

"నాకు గొంతు నొప్పిగా ఉంది తాతా. సీడీ లేకుండా ఇవాంజెలిన్ పాడతాదేటో సూడండి."

ఇవాంజెలిన్ నా వైపు ఒక చూపు చూసి పాడటం మొదలెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను. సీడీలో గొంతు ఇప్పుడు ఎదురుగా దొరుకుతుంది, అందరూ వింటారు అనుకున్నాను. 'వల ఎత్తకముందే నా' అని, 'పేరు' దగ్గర నిలబడింది.

కిందికి దిగింది. నేను దిగినట్టే, సరిగ్గా నేను దిగినంతే. హార్మోనియంతో పాలూ నీళ్లలా కలిసిపోయింది. ఏలీయా తాత తృప్తిగా తల ఊపాడు.

సీడీలో గొంతు దీనిది కాదు. ఇదీ నాలాగే దిగుతుంది. అప్పుడు మిగతా ఆడపిల్లలు కూడా అందుకున్నారు. అందరూ అక్కడ దిగారు. ఒక్కరు కూడా తిన్నగా నిలబడలేదు. అంటే సీడీలో ఉన్న అమ్మాయి మా చర్చిలో ఎవరూ కాదు.

సరిగ్గా అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఒక సన్నని గొంతు వినపడింది. మిగతా అందరికన్నా ఒక వెంట్రుకవాసి పైన. ఏలీయా తాత కళ్లజోడు మీదుగా అటు చూశాడు. నన్ను తీసుకెళ్లడానికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అమ్మ గభాలున నోరు మూసుకుంది.

ఆ గొంతు సీడీలో ఉన్న చోటే నిలబడింది.

దారిలో కొబ్బరి తోటల మధ్య నేను అమ్మకు రెండడుగుల వెనకే నడిచాను. అమ్మ పని చేసే జీడి ఫ్యాక్టరీ మావ ఇంటికి పక్క వీధే. ఎప్పుడైనా వెళ్లి పాడి ఉంటుందా? ఇద్దరూ కలిసి నా దగ్గర దాచారా? ఇంక ఆపుకోలేకపోయాను.

"అమ్మా, సీడీలో నానమ్మ పాట నువ్వు పాడినావేటి?"

అమ్మ ఆగి వెనక్కి తిరిగింది. "ఏటే?"

"నువ్వొక్కదానివే అక్కడ పైకి పాడతావు. సీడీలో కూడా పైకే ఉంది."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వి నవ్వి కొబ్బరి చెట్టు పట్టుకుంది. "నాను పాడితే మీ మావ మైకు పేలిపోద్దే! మీ నానమ్మ ఇరవై ఏళ్ల నుంచి నోరెత్తనిచ్చిందేటి నన్ను?" తరవాత నవ్వు ఆపి కళ్లు తుడుచుకుని అంది. "అక్కడ నాను పైకి పాడటం కాదే. మీరంతా కిందికి పాడతారు. నువ్వు పుట్టకముందు తుఫానుకి గుడి కప్పు లేచిపోనాది. హార్మోనీ రెండ్రోజులు వానలో నానిపోనాది. ఎండబెట్టినారు గానీ ఆ ఒక్క మెట్టు దిగిపోయి ఉండిపోనాది. మీ నానమ్మ దాంతోనే వాయించినాది, ఊరంతా దాంతోనే నేర్సుకున్నాది. కొత్తగా వచ్చినదాన్ని, నాకు తెలిసినాది. సెప్తే నాకే సెవులు లేవన్నారు."

"మరి సీడీలో ఎవురు?"

"అది మీ మావనే అడుగు" అంది అమ్మ. "ఆడూ టెక్కలోడే. ఆడికీ నా సెవులే."

ఆదివారం ఇద్దరం కాశీబుగ్గ వెళ్లాం. నేను గుమ్మంలోనే నిలబడి, వచ్చేటప్పుడు ఆటోలో వందసార్లు అనుకున్న మాట ఒక్కసారిగా అనేశాను.

"మావా, నానమ్మ పాటలో ఉన్నది ఎవురు?"

మావ తెల్లబోయాడు. "నువ్వే. ఇంకెవురు?"

"నానమ్మ కాదంది."

మావ కంప్యూటర్ పెట్టి పాట తెరిచాడు. తెర మీద అడ్డంగా సన్నని గీతలు. ఆ గీతల మీద చిన్న చిన్న ముద్దలు వరసగా పేర్చి ఉన్నాయి.

"ఓలమ్మా, జీడిపప్పు ఎండబెట్టినట్టుంది" అంది అమ్మ.

"ఒకో గింజా ఒకో మాటక్కా. ఇది 'వల', ఇది 'ఎత్త'. గీత మీద ఉంటే శృతిలో ఉన్నట్టు. ఇదిగో 'పేరు'." మావ ఒక బటన్ నొక్కాడు. ఆ గింజ గీత మీద నుంచి జారి కింద పడింది. "ఫ్లోరి పాడింది ఇక్కడ. నాను పైకి ఎత్తి గీత మీద కూకోబెట్టినాను. అంతే. పాట అంతా నువ్వే."

కింద పడిన గింజతో పాట వినిపించాడు. 'పేరు' దగ్గర నేను దిగాను. నా గొంతు నాకు ఎదురొచ్చినట్టయింది. వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది.

"మరి నా ఊపిరేది?"

"కోసీసినాను. అందరివీ కోసేత్తాం. సీడీ నీటుగా ఉండాలి కదే."

"ఇవాంజెలిన్ గంటసేపు ఏటి పాడినాది?"

"హమ్మింగు. మీ కోరస్ కింద ఊఁ అని. మైకు దగ్గర పెట్టుకుని పాడీసినాది, ఎక్కువయిపోతందని తగ్గించినాను. ఏటే, పోలీసోళ్లలాగ అడుగుతన్నావు?"

అమ్మ హార్మోనియం సంగతి చెప్పింది. మావ మొదట నమ్మలేదు. తెర మీద ఫ్లో 1 తెరిచాడు, తరవాత ఫ్లో 2. ఒకదాని కింద ఒకటి పెడుతూ పోయాడు. దగ్గు వచ్చినది, యూపీఎస్ కూసినది కూడా పెట్టాడు. పంతొమ్మిది వరసల్లోనూ 'పేరు' గింజ గీతకు కింద ఒకే చోట ఉంది. స్కేలు పెట్టి గీసినట్టు.

మావ కుర్చీలో వెనక్కి వాలాడు. "పాడటం రాక దిగితే ఒకోసారి ఒకోలా దిగాల కదే" అన్నాడు, నాతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు. "పంతొమ్మిదిసార్లూ ఒక్క చోటే దిగినావు. నానిక్కడ కూకుని తప్పు తప్పు అంటన్నాను. నువ్వు తప్పు పాడలేదే."

నేను తెర వైపే చూస్తూ ఉండిపోయాను.

"అయితే దించీ మావా. ఊపిరి కూడా పెట్టీ."

"అలా కుదర్దే. వీణ పైనుంటాది, నువ్వు కిందుంటావు. మొన్న మీ గుళ్లో గీరుకున్నట్టే గీరుకుంటాది."

"వీణని కూడా దించు."

"ఏటి?"

"ఒకో మెట్టూ విడివిడిగా వాయించి ఎట్టినారన్నావు కదా. ఆ ఒక్క మెట్టే దించలేవేటి?"

మావ నా వైపు చూశాడు. తరవాత అమ్మ వైపు చూశాడు. "ఈ గుంటకి మాటలొచ్చినాయేటక్కా?" అన్నాడు. తెర వైపు తిరిగి వీణ లోపల ఏదో కిటికీ తెరిచాడు. ఆ ఒక్క మెట్టును కొంచెం కొంచెంగా, నా గింజ ఉన్న చోటికి దించాడు. వేణువుకి, వయొలిన్లకి కూడా అలాగే చేశాడు. నేను అడిగితే ఇవాంజెలిన్ హమ్మింగు కూడా కొంచెం పెంచాడు. మళ్లీ పాట పెట్టాడు. కంప్యూటర్‌లో ఉన్న ఆ వీణ కూడా మా గుడి కప్పు లేచిపోయిన వానలో తడిసినట్టు, నాతో పాటు దిగింది. గీరుకోలేదు.

"ఇది ఒక్క సీడీయే ఇత్తాను, మీ నానమ్మకి" అన్నాడు మావ. "మిగతా అయిదొందలూ ముందు దానిలాగే ఎల్తాయి. టెక్కలోళ్లు, సోంపేటోళ్లు ఇంటే ఇమ్మానుయేలుకి శృతి తెల్దంటారు. నా పేరు పోద్ది."

పేరు అనగానే నాకు అట్ట మీది పేర్లు గుర్తొచ్చాయి. అమ్మను అక్కడే వదిలేసి కిందికి పరుగెత్తాను. డీటీపీ షాపు రెండు వీధుల అవతల. ఆదివారమైనా సగం షట్టర్ ఎత్తి ఉంది. అయిదొందల అట్టలూ అచ్చయి కట్టలు కట్టి బల్ల మీద ఉన్నాయి. కోరస్ అన్న మాట కింద పదకొండు పేర్లు, నా రాతలో ఉన్నట్టే.

ఆ సాయంత్రం ఇవాంజెలిన్ ఇంటికి వెళ్లి గుమ్మంలో ఆ అట్టల కట్టలు దించి, మొత్తం చెప్పాను. తల ఎత్తకుండా చెప్పాను.

"అంటే ఇన్నాళ్లూ నాతో మాటాడనిది ఇందుకేటి?" అంది.

"ఊఁ."

"నాను ఏటనుకున్నానో తెలుసా? సీడీలో నా హమ్మింగు సెవి పెట్టి ఇన్నా ఇనపళ్లేదు. నువ్వే మీ మావకి సెప్పి తీయించీసినావనుకున్నాను. ఆ రోజు గొంతు నొప్పని నన్ను లేపినావు కదా, అది కూడా నన్ను నవ్వులపాలు సేయడానికే అనుకున్నాను." ఒక అట్ట తీసి పేర్లు చదివి మొహం ముడుచుకుంది. "నీది మహా కుళ్లుబుద్దే ఫ్లోరీ. పైకి మాత్రం నోట్లో నాలుక లేనట్టుంటావు."

నల్ల పెన్నులు రెండు తెచ్చానని మాత్రం చెప్పాను.

మర్నాడు ఇద్దరం నానమ్మ మంచం పక్కనే చాప వేసుకుని కూర్చున్నాం. పదకొండో పేరు కింద ఇవాంజెలిన్ అని నేను రాస్తుంటే, అది ఆరబెట్టి పేరుస్తోంది. "వంకర పోయింది, ఇది కొట్టీ," "నా పేరులో సున్న అంత సిన్నగా రాత్తావేటే" అని ప్రతి నాలుగింటికీ ఒకసారి సణుగుతోంది. వంద దాటాక పెన్ను అదే లాక్కుని రాసుకోవడం మొదలెట్టింది. అమ్మ మావ ఇచ్చిన సీడీ పెట్టింది.

వీణ మోగింది. నా ఊపిరి వినపడింది, గట్టిగా. నానమ్మ కళ్లు తెరిచింది.

'పేరు' దగ్గర నేను దిగాను. దిండు మీద ఉన్న నానమ్మ కాళ్లు కదిలాయి. ముందు కుడికాలు, తరవాత ఎడమకాలు. వాచిన పాదాలు గాలిలోనే కిందికీ పైకీ తొక్కుతున్నాయి. పాట అయ్యేదాకా ఆగలేదు. గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఈసారి పెదవులు కూడా కదపలేదు.

"ఇది ఫ్లోరి" అంది నానమ్మ, పాట అయ్యాక. "ఎనకాల ఊఁ అంటన్నది ఎవురే?"

"నానే మామ్మా" అంది ఇవాంజెలిన్, రాయడం ఆపి.

"బాగుందే. ఇంకొంచెం గట్టిగా అనాల్సింది." అని మళ్లీ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాం. "మరి ఆ మొదటిదాన్లో ఎవురు?" అంది హఠాత్తుగా.

"అదీ నానే నానమ్మా. మావ కంప్యూటర్‌లో నా గొంతే కొంచెం పైకి..."

"ఊరుకోవే. నాకు తెల్దేటి?" నానమ్మ కళ్లు తెరవలేదు. "పైకి పాడీసినా పాపం గొంతు మంచిదే. ఎవురి పిల్లో ఏటో. పేర్లు రాత్తన్నారు కదా, ఆ అమ్మాయి పేరు కూడా కనుక్కుని రాయండే."

ఇవాంజెలిన్ పెన్ను చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.